బయోమ్‌లు, ఆవరణ వ్యవస్థల్లో శక్తి ప్రసారం: నేరేడ్‌మెట్ పరిసరాల ఆధారంగా

ఒకే తరహా శీతోష్ణస్థితి ఉన్న విశాల ప్రాంతంలో, అక్కడి ఎండకూ వానకూ తగ్గట్టు పెరిగే మొక్కలు, వాటిపై ఆధారపడే జంతువులు, సూక్ష్మజీవులు కలిసిన పెద్ద జీవసముదాయాన్ని బయోమ్ అంటారు. దీనికే జీవమండలం అనే పేరు కూడా వాడుకలో ఉంది. చెరువు, గుట్ట, అడవి వంటి ఒక తావులో జీవులు తమలో తాము, నేల నీరు గాలితోనూ కలిసి నడిచే అమరిక ఆవరణ వ్యవస్థ. సూర్యకాంతి మొక్కల్లో ఆహారంగా నిలిచి, ఒక జీవి నుంచి మరో జీవికి చేరుతూ, అడుగడుగునా వేడిగా వెలుపలికి పోవడమే శక్తి ప్రసారం.

సికింద్రాబాద్‌కు ఈశాన్యాన, మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లాలో ఉన్న నేరేడ్‌మెట్ దక్కన్ పీఠభూమి పొడి మండలానికి చెందుతుంది. ఆకురాల్చే అడవి, ముళ్ల పొదలు, గడ్డి నేలలు కలగలిసిన ఈ మండలంలో గ్రానైట్ గుట్టలు, తవ్వించిన చెరువులు, సైనిక భూములు, కిక్కిరిసిన కాలనీలు పక్కపక్కనే ఉన్నాయి. బయోమ్‌ను శీతోష్ణస్థితి నిర్ణయించినా, ఒక్కో తావులో శక్తి ఏ దారిన ప్రవహించాలో నేల, నీరు, మనిషి వాడకం నిర్ణయిస్తాయి. ఈ తేడాను తక్కువ దూరంలోనే చూపే ప్రాంతాల్లో నేరేడ్‌మెట్ ఒకటి.

నిర్వచనం, పరిధి

బయోమ్‌ను గుర్తించడానికి ప్రధాన ఆధారం వృక్షజాలపు రూపురేఖలు. చెట్లు దట్టంగా ఉన్నాయా, పలచగా ఉన్నాయా. ఏడాది పొడవునా పచ్చగా ఉంటాయా, ఎండాకాలంలో ఆకు రాలుస్తాయా. నేలను గడ్డి కప్పుతుందా, పొదలు కప్పుతాయా అన్నవి ఇందులో చూస్తారు. జాతులు వేరైనా రూపం ఒకటే అయితే ఖండాలు దాటినా ఒకే బయోమ్ కింద లెక్కిస్తారు. ఆఫ్రికా సవానాలోని తుమ్మజాతి చెట్లూ దక్కన్‌లోని తుమ్మలూ వేర్వేరు జాతులవి కావచ్చు. ముళ్లు, చిన్న ఆకులు, లోతైన వేళ్లు మాత్రం రెండింటికీ ఉమ్మడి లక్షణాలు.

ఆవరణ వ్యవస్థకు ఇంత విస్తీర్ణం ఉండాలన్న నియమం లేదు. వానకు బండ గుంటలో నిలిచిన నీరూ ఆవరణ వ్యవస్థే, బంగాళాఖాతమూ ఆవరణ వ్యవస్థే. బయోమ్ అనేక ఆవరణ వ్యవస్థలను కలుపుకొంటుంది. భూమి మీది బయోమ్‌లన్నీ కలిస్తే జీవావరణం అవుతుంది.

భావన చరిత్ర

శీతోష్ణస్థితికీ వృక్షజాలానికీ ఉన్న సంబంధాన్ని జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ 1807లో ప్రచురించిన రచనలో వివరించాడు. పర్వతం ఎక్కేకొద్దీ మారే మొక్కల పట్టీలను ఆయన పటంగా చూపాడు. బయోమ్ అనే మాటను అమెరికా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ క్లెమెంట్స్ 1916లో వాడాడు. 1939లో విక్టర్ షెల్ఫర్డ్‌తో కలిసి రాసిన గ్రంథంలో మొక్కలతోపాటు జంతువులనూ దాని పరిధిలోకి తెచ్చాడు. 1947లో లెస్లీ హోల్డ్రిడ్జ్ ఉష్ణోగ్రత, వర్షపాతం, నీటి ఆవిరి ఆధారంగా జీవ పట్టీల పద్ధతిని రూపొందించాడు. రాబర్ట్ విటేకర్ 1975 నాటి గ్రంథంలో సగటు ఉష్ణోగ్రతను ఒక అక్షంపై, వార్షిక వర్షపాతాన్ని మరో అక్షంపై పెట్టి గీసిన పటం నేటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది.

ఆవరణ వ్యవస్థ అనే భావనను బ్రిటిష్ శాస్త్రవేత్త ఆర్థర్ టాన్స్‌లీ 1935లో ప్రతిపాదించాడు. అంతకుముందే 1927లో చార్లెస్ ఎల్టన్ ఆహారపు గొలుసులను, సంఖ్యా పిరమిడ్‌ను వివరించాడు. ఈ రెండింటినీ శక్తి లెక్కలతో ముడిపెట్టినవాడు రేమండ్ లిండ్‌మన్. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సెడార్ బాగ్ అనే చిన్న సరస్సును అధ్యయనం చేసి ఆయన రాసిన వ్యాసం 1942లో వెలువడింది. అది అచ్చయ్యేలోపే, ఇరవై ఆరేళ్లకే, లిండ్‌మన్ మరణించాడు. యూజీన్ ఓడమ్ 1953లో తెచ్చిన పాఠ్యగ్రంథం, ఆయన తమ్ముడు హోవార్డ్ ఓడమ్ 1957లో ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్‌పై ప్రచురించిన అధ్యయనం ఈ పద్ధతికి స్థిరత్వం తెచ్చాయి.

భారతదేశంలో హెచ్. జి. చాంపియన్ 1936లో అడవుల వర్గీకరణ చేశాడు. దాన్ని ఎస్. కె. సేఠ్‌తో కలిసి 1968లో సవరించగా 16 అటవీ రకాల సముదాయాలు ఏర్పడ్డాయి. అటవీశాఖలు నేటికీ ఈ వర్గీకరణనే వాడుతున్నాయి. ఆవరణ శాస్త్రాన్ని విశ్వవిద్యాలయ విషయంగా నిలబెట్టిన ఘనత కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన రామ్‌దేవ్ మిశ్రాది. హైదరాబాద్ సంస్థానంలోని పక్షులపై సలీం అలీ జరిపిన సర్వే ఫలితాలు 1933–34లో వెలువడ్డాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎ. ఆర్. జాఫర్ 1960 దశకంలో హైదరాబాద్ చేపల చెరువుల్లోని శైవలాలపై పరిశోధన పత్రాలు ప్రచురించాడు.

ప్రపంచంలోని ప్రధాన బయోమ్‌లు

బయోమ్‌ల సంఖ్యపై ఏకాభిప్రాయం లేదు. 2001లో ప్రపంచ వన్యప్రాణి నిధి శాస్త్రవేత్తలు నేల భాగాన్ని 14 బయోమ్‌లుగా, 867 పర్యావరణ ప్రాంతాలుగా విభజించారు. ఎన్ని బయోమ్‌లుగా విభజించినా, వాటి మధ్య ఉత్పాదకతలో తేడా చాలా ఎక్కువ. ఒక చదరపు మీటరులో ఏడాదికి మొక్కలు తయారు చేసే నికర పొడి పదార్థాన్ని గ్రాముల్లో లెక్కిస్తే విటేకర్, లైకెన్స్ ఇచ్చిన సగటు అంచనాలు ఇలా ఉన్నాయి:

పగడపు దిబ్బలు, శైవల తావులు: 2,500
ఉష్ణమండల వర్షారణ్యం: 2,200
ఉష్ణమండల రుతుపవన అడవి: 1,600
నదీముఖాలు: 1,500
సమశీతోష్ణ ఆకురాల్చే అడవి: 1,200
సవానా: 900
టైగా లేదా ఉత్తర శీతల అడవి: 800
సాగునేలలు: 650
సమశీతోష్ణ గడ్డిభూములు: 600
టండ్రా: 140
విశాల సముద్రం: 125
ఎడారి పొదలు: 90

ఇవి సగటులు మాత్రమే. సవానాలోనే వాన, నేల బట్టి అంచనా 200 నుంచి 2,000 గ్రాముల వరకు మారుతుంది. చదరపు మీటరు లెక్కన విశాల సముద్రం ఎడారికి దగ్గరగా ఉన్నా, విస్తీర్ణం వల్ల మొత్తం ఉత్పత్తిలో దాని వాటా పెద్దది. 1998లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం భూగోళపు నికర ప్రాథమిక ఉత్పత్తి ఏడాదికి సుమారు 10,500 కోట్ల టన్నుల కార్బన్. ఇందులో నేలది దాదాపు 5,640 కోట్లు, సముద్రానిది 4,850 కోట్లు.

తెలుగు నేలల బయోమ్‌లు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్కువ భాగం ఉష్ణమండల పొడి ఆకురాల్చే అడవి బయోమ్ కిందికి వస్తుంది. నల్లమలలోని అమ్రాబాద్, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యాలు, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని కవ్వాల్, గోదావరి తీరంలోని ఏటూరునాగారం ఇందుకు ఉదాహరణలు. ఆదిలాబాద్ వైపు టేకు, నల్లమలలో చిరుమాను, మద్ది, వేగిస, అంతటా తునికి, మోదుగ కనిపిస్తాయి.

వాన ఎక్కువగా పడే తూర్పు కనుమల్లో, మారేడుమిల్లి, పాపికొండల పరిసరాల్లో తేమ ఆకురాల్చే అడవి, అర్ధ సతతహరిత అడవి ఉన్నాయి. పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనం అయ్యాయి. రాయలసీమలో ముళ్ల పొదల అడవి విస్తరించి ఉంది. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది ఇటువంటి పొదల్లోనే. శేషాచలం కొండల్లో ఎర్రచందనం సహజంగా పెరుగుతుంది. 2010లో వీటికి బయోస్ఫియర్ రిజర్వ్ హోదా వచ్చింది. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు గడ్డిభూమి బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ఏర్పడింది.

తీరంలో గోదావరి ముఖద్వారాన కోరింగ మడ అడవులు, కృష్ణా డెల్టా మడలు, ఉప్పునీటి పులికాట్ సరస్సు, మంచినీటి కొల్లేరు ఉన్నాయి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్సార్ జాబితాలో చేరింది. బంగాళాఖాతంలోకి నదులు తెచ్చే మంచినీరు, వాననీరు పైపొరగా నిలవడంతో కింది పోషకాలు పైకి రావడం తగ్గుతుంది. అందుకే దాని ఉత్పాదకత అరేబియా సముద్రం కంటే తక్కువ.

చూడు: నల్లమల, కొల్లేరు, కోరింగ, కలివికోడి.

నేరేడ్‌మెట్: శీతోష్ణస్థితి, నేల

నేరేడ్‌మెట్ సముద్రమట్టానికి అర కిలోమీటరుకు పైగా ఎత్తున ఉన్న పీఠభూమి మీద ఉంది. హైదరాబాద్ ప్రాంతపు వార్షిక వర్షపాతం సుమారు 800 మిల్లీమీటర్లు. ఇందులో అత్యధిక భాగం జూన్–అక్టోబర్ మధ్య పడుతుంది. సగటు ఉష్ణోగ్రత 26–27 డిగ్రీల సెల్సియస్. మే నెలలో పగటి ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది. విటేకర్ పటంలో ఈ వర్షపాతం, సగటు ఉష్ణోగ్రత కలిసే చోటు ఉష్ణమండల రుతుపవన అడవి, సవానా భాగంలో, పొడి అంచుకు దగ్గరగా పడుతుంది.

కింద ఉన్న రాయి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. అది అరిగి ఏర్పడిన ఎర్ర చల్క నేలలు పలచనివి, ఇసుక పాలు ఎక్కువ, నీటిని ఎక్కువ కాలం పట్టి ఉంచలేవు. పల్లపు చోట్ల కొట్టుకొచ్చిన మట్టి మందంగా ఉంటుంది. అందువల్ల గుట్ట నెత్తిన నాచు, గడ్డి, కింద ముళ్ల పొదలు, పల్లంలో చెట్లు, చెరువు అంచున తుంగ, జమ్ము అనే వరస కొద్ది దూరంలోనే ఏర్పడుతుంది. దక్షిణాన ఉన్న మౌలాలీ గుట్ట ఇటువంటి గ్రానైట్ గుట్టలకు ప్రసిద్ధ ఉదాహరణ. ఎండాకాలంలో పొడిగా, నల్లటి మచ్చలుగా కనిపించే బండల మీది నాచు తొలి వాన పడిన కాసేపటికే పచ్చబడుతుంది.

వృక్షజాలం, జంతుజాలం

నగరీకరణ తర్వాత సహజ వృక్షజాలం ముక్కలుగా మిగిలింది. రామకృష్ణాపురం, అమ్ముగూడ, యాప్రాల్ వైపు సైనిక భూముల్లో, గుట్టల వాలుల్లో దాని ఆనవాళ్లు ఉన్నాయి. సీతాఫలం, తంగేడు, రేగు, బలుసు, వాక, తుమ్మ, మోదుగ, తునికి, వేప, కానుగ, ఈత, తాటి ఇక్కడి స్థానిక లేదా ఎప్పుడో స్థిరపడిన మొక్కలు. సర్కారు తుమ్మ, లాంటానా, వయ్యారిభామ, సుబాబుల్, చెరువుల్లో గుర్రపుడెక్క బయటి నుంచి వచ్చి వ్యాపించినవి.

ఫిబ్రవరి, మార్చిల్లో చాలా చెట్లు ఆకు రాల్చి నీటి ఖర్చు తగ్గించుకుంటాయి. ఆకులేని మోదుగ కొమ్మలకు అదే సమయంలో ఎర్రటి పూలు విరగబూస్తాయి. గోరింకలు, తేనెపిట్టలు పూల మకరందం కోసం వాలుతాయి. జూన్‌లో తొలకరి పడగానే చిగురు, దాన్ని తినే గొంగళిపురుగులు, వాటిని పిల్లలకు మేపే పక్షులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. తడిసిన నేల మీద ఆరుద్ర పురుగులు కనిపించేది ఈ రోజుల్లోనే.

పాలపిట్ట, నెమలి, కౌజు, గద్ద, పైడికంటె, ముంగిస, తొండ, ఉడుము, జెర్రిపోతు, నాగుపాము పొడి నేలల జంతువులు. చెరువుల్లో బుడుబుంగ, నీటికోడి, నీటికాకి, తెల్లకొంగ, లకుముకి పిట్ట సాధారణం. ఇదే పొడి మండలపు వృక్షజాలాన్ని నగరంలో, శివార్లలో ఉన్న కె.బి.ఆర్., మృగవని జాతీయ ఉద్యానవనాల్లో, కృష్ణజింకలకు పేరుబడ్డ మహావీర్ హరిణ వనస్థలిలో కొంత పెద్ద విస్తీర్ణంలో చూడవచ్చు.

శక్తి ప్రసారం: మూల నియమాలు

శక్తి ప్రసారానికి రెండు ఉష్ణగతిక నియమాలు ఆధారం. మొదటిది, శక్తి పుట్టదు, నశించదు, రూపం మారుతుంది. రెండోది, రూపం మారిన ప్రతిసారీ కొంత భాగం తిరిగి పనికిరాని వేడిగా మారుతుంది. నత్రజని, భాస్వరం, కార్బన్ వంటి పదార్థాలు ఆవరణ వ్యవస్థలో చక్రంలా తిరుగుతాయి. శక్తి మాత్రం ఒకే దిశలో సాగుతుంది. అందుకే ప్రతి వ్యవస్థకూ కొత్త శక్తి నిరంతరం అందాలి.

మొక్కలు, శైవలాలు, కొన్ని బాక్టీరియాలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారు చేసే మొత్తం ఆహారం స్థూల ప్రాథమిక ఉత్పత్తి. అందులో తమ శ్వాసక్రియకు పోగా మిగిలింది నికర ప్రాథమిక ఉత్పత్తి. మిగతా జీవులన్నింటికీ అందుబాటులో ఉండేది ఈ రెండోదే.

హైదరాబాద్ ప్రాంతంలో సగటున రోజుకు చదరపు మీటరుకు 5 యూనిట్లకు పైగా సౌరశక్తి పడుతుంది. 5 యూనిట్లనే తీసుకున్నా ఏడాదికి అది సుమారు 15.7 లక్షల కిలో కేలరీలు. సవానా సగటు ప్రకారం 900 గ్రాముల పొడి పదార్థం తయారైతే, గ్రాముకు నాలుగుంపావు కిలో కేలరీల చొప్పున దానిలో నిలిచే శక్తి 3,800 కిలో కేలరీల పైచిలుకు. అంటే పడిన ఎండలో నికరంగా మొక్కల్లో మిగిలేది దాదాపు పావు శాతం. మిగతా ఎండలో కొంత ప్రతిఫలిస్తుంది, కొంత నేలను వేడి చేస్తుంది, కొంత నీటిని ఆవిరి చేస్తుంది. పొడి నెలల్లో ఎండ పుష్కలంగా ఉన్నా నీరు లేక ఆకులు పనిచేయవు. ఈ బయోమ్‌లో ఉత్పత్తికి హద్దు గీసేది నీరే.

పోషక స్థాయిలు, పిరమిడ్లు

ఉత్పత్తిదారులు మొదటి పోషక స్థాయి. వాటిని తినే శాకాహారులు రెండోది. శాకాహారులను తినేవి మూడోది, వాటినీ తినేవి నాలుగోది. గడ్డి, మిడత, తొండ, డేగ అనేది నాలుగు స్థాయిల గొలుసు. నిజానికి తొండ చీమలనూ తింటుంది, డేగ ఎలుకనూ పడుతుంది. ఇటువంటి గొలుసులు పెనవేసుకొని ఆహారపు జాలకం ఏర్పడుతుంది.

ఒక స్థాయి నుంచి పైస్థాయికి సగటున పదో వంతు శక్తి మాత్రమే చేరుతుందన్న సూత్రం లిండ్‌మన్ పనిపై ఆధారపడింది. ఇది ఉజ్జాయింపు, స్థిరాంకం కాదు. సిల్వర్ స్ప్రింగ్స్‌లో చదరపు మీటరుకు ఏడాదికి సుమారు 17 లక్షల కిలో కేలరీల ఎండ పడగా, స్థూల ఉత్పత్తి 20,810, నికర ఉత్పత్తి 8,833 కిలో కేలరీలు. శాకాహారుల్లోకి చేరింది 3,368, మాంసాహారుల్లోకి 383, అగ్రస్థాయి మాంసాహారుల్లోకి 21. ఉత్పత్తిదారుల స్థూల ఉత్పత్తితో పోలిస్తే శాకాహారులకు చేరింది 16 శాతం. తర్వాతి మెట్లలో 11, 5.5 శాతం.

ఈ నష్టానికి మూడు కారణాలు ఉన్నాయి. పైస్థాయి జీవి కింది స్థాయిని మొత్తం తినలేదు; అడవిలో కట్టె చాలావరకు తినకుండానే మిగులుతుంది. తిన్నదంతా అరగదు, కొంత పేడగా పోతుంది. అరిగిందంతా ఒంటికి పట్టదు, శ్వాసక్రియలో ఖర్చవుతుంది. పక్షులు, క్షీరదాలు ఒంటి వేడి నిలుపుకోవడానికే ఎక్కువ ఖర్చు చేస్తాయి కాబట్టి వాటిలో పెరుగుదలకు మిగిలేది కొద్ది శాతమే. కీటకాలు, చేపలు, పాముల్లో ఆ వాటా ఎక్కువ.

అందుకే శక్తి పిరమిడ్ ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది. సంఖ్యా పిరమిడ్ తలకిందులు కావచ్చు. ఒక్క మర్రిచెట్టు మీద వేల కీటకాలు బతుకుతాయి. జీవద్రవ్యరాశి పిరమిడ్ కూడా సముద్రంలో తలకిందులు కావచ్చు. వృక్షప్లవకాలు రోజుల వ్యవధిలో పుట్టి తినబడతాయి కాబట్టి ఏ క్షణాన చూసినా వాటి బరువు తక్కువగానే ఉంటుంది.

చూడు: ఆహారపు జాలకం, జీవద్రవ్యరాశి, కిరణజన్య సంయోగక్రియ.

రాలిన ఆకు దారి: చెదలు, ఉసిళ్లు

శక్తి రెండు దారుల్లో సాగుతుంది. పచ్చి మొక్కను తినే జంతువుతో మొదలయ్యేది మేత గొలుసు. రాలిన ఆకు, ఎండిన కట్టె, పేడ, కళేబరంతో మొదలయ్యేది డెట్రిటస్ గొలుసు. పొడి ఆకురాల్చే అడవిలో రెండోదే పెద్దది. ఎండాకాలంలో నేల మీద పేరుకున్న ఆకు తేమ లేక కుళ్లదు. కొంత మంటల్లో కాలిపోతుంది, కొంత చెదల పాలవుతుంది.

ఎర్ర చల్క నేలల్లో పుట్టలు పెట్టే చెదలు కట్టెను తమంతట తాము పూర్తిగా అరిగించుకోలేవు. అవి నమిలి తెచ్చిన కట్టె, ఆకు ముక్కలను పుట్ట లోపల గదుల్లో పేర్చి వాటి మీద ఒక రకం బూజును పెంచుతాయి. బూజు విరగ్గొట్టిన పదార్థం వాటికి ఆహారం. వానాకాలంలో పుట్టల మీద మొలిచే కొన్ని పుట్టగొడుగులు ఈ బూజు ఫలాంగాలే.

తొలకరి తర్వాత ఒక సాయంత్రం పుట్ట రంధ్రాల నుంచి రెక్కల చెదలు గుంపులుగా లేస్తాయి. వీటినే ఉసిళ్లు అంటారు. ఇళ్ల దీపాల చుట్టూ, వీధి లైట్ల కింద చేరి, కాసేపటికి రెక్కలు రాల్చి నేల మీద జంటలుగా పాకుతాయి. ఒంట్లో కొవ్వు ఎక్కువగా ఉన్న ఈ పురుగులను గోడ మీద బల్లి, గుమ్మం దగ్గర కప్ప, నేల మీద చీమలు, గాలిలో పసులపోలిగాడు, కాకి పోటీ పడి తింటాయి. కొన్ని పల్లెల్లో మనుషులూ వేయించుకు తింటారు. లక్షల్లో లేచిన వాటిలో కొత్త పుట్ట పెట్టేవి అతి కొద్ది జంటలు. ఏళ్ల తరబడి కట్టెలో బిగిసిన శక్తి ఒక్క పూటలో మేత గొలుసులోని జంతువులకు అందే సందర్భం ఇది.

చెరువులో శక్తి ప్రసారం

నేరేడ్‌మెట్ పరిసరాల్లో రామకృష్ణాపురం చెరువు, సఫిల్‌గూడ చెరువు, కొంచెం అవతల కాప్రా చెరువు ఉన్నాయి. దక్కన్‌లో సహజ సరస్సులు అరుదు. ఇక్కడి చెరువులన్నీ వాగులకు కట్టలు వేసి నిలిపినవే. ఒకటి నిండి అలుగు పారితే నీరు కింది చెరువుకు చేరే గొలుసుకట్టు పద్ధతి వీటిది. ఈ ప్రాంతపు నీరు చివరకు మూసీలో, మూసీ ద్వారా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

శుభ్రమైన చెరువులో వృక్షప్లవకాలు, నీటి మొక్కలు ఉత్పత్తిదారులు. వాటిని జంతుప్లవకాలు, నత్తలు, కొన్ని చేపలు తింటాయి. చిన్న చేపలను కొర్రమేను, నీటికాకి, లకుముకి పిట్ట వేటాడతాయి. అడుగు బురదలో పురుగులు, బాక్టీరియా మిగిలినదాన్ని విచ్ఛిన్నం చేసి పోషకాలను నీటికి తిరిగి ఇస్తాయి.

మురుగునీరు చేరితే ఈ దారి మారుతుంది. నత్రజని, భాస్వరం పెరిగి శైవలాలు, గుర్రపుడెక్క విజృంభిస్తాయి. ఉత్పత్తి పెరిగినా దాన్ని తినే జీవులు ఆ మేరకు పెరగవు. గుర్రపుడెక్క నీటిని కప్పేస్తే లోపలి మొక్కలకు వెలుతురు అందదు. చచ్చిన మొక్కలను కుళ్లబెట్టే బాక్టీరియా ఆక్సిజన్‌ను వాడేస్తుంది. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగిపోవడంతో తెల్లవారుజామున ఆక్సిజన్ కనిష్ఠానికి పడుతుంది. ఆ వేళ చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ కనిపిస్తే అదే సూచన. గాలిని నేరుగా పీల్చగల కొర్రమేను, మార్పు జాతి చేపలు నిలుస్తాయి, మిగతావి చస్తాయి.

విచ్ఛిన్నం కాని లోహాలు, పురుగుమందులు మాత్రం శక్తిలా తరగవు. జీవి శరీరంలో పేరుకోవడాన్ని జైవిక వ్యవస్థాపనం, పైస్థాయికి వెళ్లేకొద్దీ గాఢత పెరగడాన్ని జైవిక వృద్ధీకరణం అంటారు. ఇదే జిల్లాలో ఘట్‌కేసర్ సమీపంలోని ఎదులాబాద్ చెరువులో భార లోహాలపై జరిగిన అధ్యయనం పదో తరగతి జీవశాస్త్ర పాఠంలో చోటు పొందింది.

చూడు: యూట్రోఫికేషన్, మూసీ నది, గొలుసుకట్టు చెరువులు.

నగర ఆవరణ వ్యవస్థ

నగరం తనకు కావలసిన శక్తిని తన నేల మీద పడే ఎండ నుంచి తీసుకోదు. బియ్యం, కూరగాయలు, పాలు దూరపు పొలాల నుంచి, వంటగ్యాస్, పెట్రోలు ఇంకా దూరం నుంచి, కరెంటు విద్యుత్ కేంద్రాల నుంచి వస్తాయి. వ్యర్థాలు మళ్లీ బయటికి పోతాయి. నేరేడ్‌మెట్‌కు ఈశాన్య దిశలో ఉన్న జవహర్‌నగర్ చెత్త కేంద్రం ఈ ప్రవాహం చేరే చోట్లలో ఒకటి. అక్కడ గద్దలు, కొంగలు, కుక్కలు మనిషి పారేసిన ఆహారం మీద బతుకుతాయి. పార్కు, మైదానం, ఖాళీ జాగా తప్ప నగరంలో ఉత్పత్తిదారుల తావు తక్కువ కాబట్టి ఇక్కడి జంతువుల్లో మనిషి మిగులు తినేవే ఎక్కువ.

2007లో మల్కాజ్‌గిరి, కాప్రా పురపాలికలు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. నగరం విస్తరించడంతో బండలు పగలగొట్టడం, చెరువు శిఖం భూముల్లో నిర్మాణాలు, నాలాలు ఇరుకు కావడం పెరిగాయి.

వర్గీకరణపై భిన్నాభిప్రాయాలు

దక్కన్ ముళ్ల పొదలు, గడ్డి నేలలను ఏ బయోమ్‌లో చేర్చాలన్నది చర్చనీయాంశం. చాంపియన్–సేఠ్ సంప్రదాయంలో వీటిని పొడి అడవి నరికివేత, మేత, మంటల వల్ల క్షీణించిన దశగా చూస్తారు. ఈ దృష్టిలో రక్షణ కల్పిస్తే ఇవి తిరిగి అడవులవుతాయి. 2016లో జయశ్రీ రత్నం, సహ పరిశోధకులు ఇంకో వాదన ముందుంచారు. ఆసియాలోని ఇటువంటి అనేక తావులు మనిషి రాకకు ముందే ఏర్పడిన సవానాలని, గడ్డితో పెనవేసుకున్న తమ సొంత జీవజాలం వాటికుందని వారు చెబుతారు. రెండు వాదనలకూ ఆధారాలున్నాయి. సీతాఫలం, తంగేడు నిండిన చాలా పొదల్లో పాత నరికివేత ఆనవాళ్లు కనిపిస్తాయి. మరోపక్క పూర్తి ఎండను కోరే గడ్డి జాతులు, బట్టమేక పిట్ట, కృష్ణజింక వంటి జంతువులు చెట్లు మూసుకున్న చోట బతకలేవు.

ఈ చర్చకు ఆచరణలో ఫలితాలు ఉన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ సుదూర సంవేదన కేంద్రం తయారు చేసే బీడుభూముల అట్లాస్‌లో పొదల భూములు ఒక వర్గం. బీడుగా లెక్కిస్తే చెట్లు నాటడం మెరుగుదల అవుతుంది. సవానాగా లెక్కిస్తే అదే పని ఆవాసాన్ని మార్చడం అవుతుంది. 2001 నాటి ప్రపంచ విభజనలో మధ్య దక్కన్ పొడి ఆకురాల్చే అడవి ఒక బయోమ్‌లోనూ, దక్కన్ ముళ్ల పొదలు ఎడారి పొదల బయోమ్‌లోనూ పడ్డాయి.

సంరక్షణ, విధానాలు

జీవవైవిధ్య ఒప్పంద దేశాల 11వ సదస్సు 2012 అక్టోబరులో హైదరాబాద్‌లో జరిగింది. 2016లో నగరానికి పడమట ఉన్న అమీన్‌పూర్ చెరువు జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. దేశంలో ఈ హోదా దక్కిన తొలి నగర చెరువు ఇదే. తెలంగాణ ప్రభుత్వం 2015లో చెరువుల పూడికతీతకు మిషన్ కాకతీయను, మొక్కల పెంపకానికి హరితహారాన్ని చేపట్టింది. గ్రానైట్ బండల రక్షణకు హైదరాబాద్‌లో 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ పనిచేస్తోంది. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ ఇదే పొడి మండలపు జొన్న, సజ్జ, కంది పంటలపై పరిశోధిస్తుంది.

ప్రాముఖ్యం

బయోమ్‌ల అవగాహన పంటల ఎంపికకు, అడవుల పెంపకానికి, వన్యప్రాణి రక్షణకు, వాతావరణ మార్పు అంచనాలకు అవసరం. ఒక నేల ఎంత కార్బన్‌ను నిల్వ చేయగలదో, ఎన్ని పశువులను మేపగలదో, ఎంత నీటిని ఖర్చు చేస్తుందో దాని బయోమ్ తెలిస్తే స్థూలంగా చెప్పవచ్చు. శక్తి ప్రసారపు లెక్కలు ఆహార విధానానికీ ఉపయోగపడతాయి. ధాన్యాన్ని నేరుగా తింటే ఒకే మెట్టు నష్టం. దాన్ని పశువుకు పెట్టి మాంసం తింటే ఇంకో మెట్టు నష్టం. అయితే మనిషి తినలేని గడ్డిని, చొప్పను పశువులు ఆహారంగా మార్చగలవు కాబట్టి వాన తక్కువైన దక్కన్‌లో గొర్రెల పెంపకం నష్టపు మెట్టు కాదు, అందని శక్తిని అందుకొనే మార్గం. చెరువు నిర్వహణలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది: గుర్రపుడెక్కను తొలగించడం పేరుకున్న ఉత్పత్తిని తీసేయడం మాత్రమే, చేరే మురుగును ఆపితేనే ఆ ఉత్పత్తికి మూలమైన పోషకాలు తగ్గుతాయి.

చూడు: వాతావరణ మార్పు, మెట్ట వ్యవసాయం, దక్కన్ పీఠభూమి, జీవవైవిధ్యం.